ఇసుక లైను దున్న

ములకలపల్లి వైపు అడవి అంచున, వాగు నుంచి బొగ్గు గని దాకా ఇసుక మోసే చిన్న పట్టాల లైను ఒకటుండేది. బొగ్గు తవ్వేశాక లోపల మిగిలే ఖాళీలను ఇసుకతో నింపాలి, లేకపోతే పైకప్పు కూలుతుంది. ఆ ఇసుక టబ్బులను లాగే డీజిల్ ఇంజన్‌కు కంపెనీ ఒక నంబరిచ్చింది. పక్కనున్న లంబాడీ తండావాళ్లు దాన్ని ‘దున్న’ అన్నారు. నంబరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

దాన్ని నడిపిన లాల్‌సింగ్ మొదట్లో దానికి శత్రువు. అంతకుముందు ఆ ఇసుక తోలింది ఎడ్లబండ్లు. వాటిలో ఒకటి అతనిది. డెబ్బైల నడుమ, ఎక్కడో మూతపడ్డ గని నుంచి ఈ ఇంజన్ లారీ మీద వచ్చి దిగింది. పాత పసుపు రంగు మీద ఆకుపచ్చ పూశారు గానీ, గీసుకున్న చోటల్లా పసుపు బయటపడేది. ముందు పొట్టి బానెట్టు, వెనకాల ఒక మనిషి పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని కూర్చునేంత చోటు. చూడవచ్చిన తండా అంతా నవ్వింది.

‘‘గింతదేం గుంజుతది?’’ అన్నాడు లాల్‌సింగ్.

గుంజింది. నెల తిరక్కుండానే బండ్లకు పని లేకుండా పోయింది.

బండ్లవాళ్లకు కంపెనీ గనిలో పనిచ్చింది. ఆ వైపు గనిని బాయి అంటారు. లాల్‌సింగ్ కొన్నాళ్లు బాయిలోకి దిగాడు. ఆకాశం కనబడని చోట అతనికి అన్నం సయించలేదు. ఇంజన్‌కు డ్రైవరు కావాలనగానే అందరికంటే ముందు చెయ్యెత్తాడు. తన బండి పొట్ట కొట్టినదాని మీదికే ఎక్కి కూర్చోవడం అతనికి తప్పనిపించలేదు. తప్పనేవాళ్లు ఒక్క షిఫ్టు బాయిలోకి దిగి వచ్చి మాట్లాడవచ్చు.

ఇంజన్ నేర్చుకున్నాడు గానీ బండిని మరవలేదు. లైనంతా చదునే. వాగొడ్డు దాటాక మాత్రం ఒక ఎత్తుంది. అక్కడికి రాగానే నాలుకతో టక్ టక్‌మని అదిలించి, ‘‘హోయ్ హోయ్, నడువు బిడ్డా’’ అనేవాడు.

‘‘అన్నా, అది డీజిల్ పోస్తే నడుస్తది, ముద్దు చేస్తే కాదే!’’ అనేవాడు టబ్బులు తగిలించే సమ్మయ్య.

‘‘నీ పెండ్లాంతోని గిట్లనే మాట్లాడతవ్. గందుకే నీకు రోజూ సద్దన్నం.’’

ఎనభైల చివర లారీల మాట వచ్చింది. సారంగపాణి అనే కొత్త ఇంజనీరు లైను చూసి, ఒక పరీక్ష పెట్టాడు. దసరా మర్నాడు పొద్దున ఇంజన్ నిండు టబ్బులతో ఆ ఎత్తు ఎక్కాలి. ఎక్కితే ఉంటుంది. ఎక్కకపోతే తుక్కుకు పోతుంది, ఇసుకకు లారీలొస్తాయి, లాల్‌సింగ్ మళ్లీ బాయిలోకి దిగుతాడు.

ఆ సంగతి ఇంట్లో చెబితే భార్య చాంది ఏమీ అనలేదు. అనకపోవడం ఆమె అలవాటు కాదు. అతను గమనించి ఉండాల్సింది.

దసరానాడు షెడ్డులో ఇంజన్‌కు ఎప్పటిలాగే బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు, టెంకాయ కొట్టారు. దానికి నిజంగా కావలసింది కొత్త ఇంజెక్టర్లు. కంపెనీ వాటిని ఇవ్వలేదు. చాంది టెంకాయ ఇచ్చింది.

మర్నాడు మబ్బు లేదు. సారంగపాణి ఎత్తు దగ్గర నిలబడ్డాడు. తండా ఆడవాళ్లు గట్టు మీద చేరారు. దున్న దండతో సహా డుగడుగమంటూ వచ్చి ఎత్తెక్కబోయింది. చక్రాలు గిర్రున తిరిగాయి. ఇంజన్ ఉన్నచోటే ఉంది.

వెనక్కి తీసి మళ్లీ వచ్చాడు. మళ్లీ అంతే. సమ్మయ్య వెనక నుంచి టబ్బును భుజంతో నెట్టాడు.

‘‘పవర్ పోయింది, లాల్‌సింగ్. ముసలిదైపోయింది’’ అన్నాడు సారంగపాణి.

‘‘మొన్నటిదాక ఎక్కింది సార్!’’

ఇంకోసారి ప్రయత్నించాడు. పొగ తప్ప ఏమీ కదలలేదు. లాల్‌సింగ్ అదిలించడం మానేసి కిందికి దిగాడు. బానెట్టు మీద చెయ్యి వేసి, గని వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పటిదాకా ముసుగు నోటికి అడ్డం పెట్టుకున్న చాంది గట్టు దిగి వచ్చింది. మొగుడితో మాట్లాడే లంబాడీలో కాదు, అందరికీ తెలిసేలా తెలుగులోనే చెప్పింది.

‘‘సారూ, దానికేం కాలే. నేనే పూసిన.’’

‘‘ఏం పూశావు?’’

‘‘ఆముదం. ఇగో, ఈ పట్టాల మీద. గీడ్నే గదా దీనికి ఆయాసం! జర నున్నగుంటె అల్కగ ఎక్కుతదని, పొద్దుగాల మేమంత కలిసి పూసినం.’’

బండి తోలిన ఇంట్లో పుట్టిన ఎవరైనా అదే చేస్తారు. ఇరుసుకు ఆముదం రాస్తే ఎడ్లకు బరువు తేలికవుతుంది. కానీ బండిని లాగే ఎద్దు గిట్టలతో నేలను పట్టుకుంటుంది. దున్నకు చక్రాలే గిట్టలు.

లాల్‌సింగ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషమంతా తిట్టుగా వచ్చింది. ‘‘ఎద్దు కాళ్ల కింద ఆముదం పోస్తరానే ఎవరన్న? మీ నాయిన బండి తోలిండా, గాడిదల్ని కాసిండా?’’

‘‘మా నాయిన్ని అంటే ఈసారి నీ చెప్పులకు పూస్త!’’

సారంగపాణి నవ్వాపుకోలేకపోయాడు. ‘‘బూడిద తెండి!’’ అన్నాడు. ‘‘అవ్, బూడిద! జల్దీ!’’ అని లాల్‌సింగ్ కూడా అరిచాడు. గట్టు మీది వాళ్లంతా ఇళ్లకు ఉరికారు. పొయ్యిల్లో బూడిద తట్టలకెత్తి తెచ్చి, గిన్నెలు తోమినట్టు పట్టాలు తోమారు, గుడ్డలతో చక్రాలు తుడిచారు. జిడ్డు కొంత పోయింది, మిగతాది నల్లటి ముద్దయింది. మోచేతుల దాకా మసితో చాంది లేచి నడుం పట్టుకుంది.

‘‘గన్ని టబ్బుల ఇసుక ఎనక పెట్టుకుని నన్ను బూడిదకు ఉరికిస్తున్నరేంది?’’

అందరూ టబ్బుల వైపు తిరిగారు. వానలో పట్టాల మీద చక్రాలు జారితే ఇసుక చల్లడం లైను మీద అందరికీ తెలుసు. వాన లేదు కాబట్టి ఇసుక ఎవరికీ తట్టలేదు. సమ్మయ్య నుదురు కొట్టుకుని టబ్బెక్కాడు.

‘‘ఆగు! ఇసుక తీస్తే లోడు తగ్గుతుంది. పరీక్ష చెల్లదు’’ అన్నాడు సారంగపాణి.

చాంది అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. ‘‘తగ్గినకాడ నువ్వెక్కి కూసో సారూ. సరిపోతది.’’

గట్టు మీద ఆడవాళ్లు విరగబడి నవ్వారు. సారంగపాణి ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ప్యాంటు పైకి మడిచి, తడి ఇసుక మీద ఎక్కి కూర్చున్నాడు.

సమ్మయ్య ముందు నడుస్తూ పట్టాల మీద ఇసుక చల్లాడు. లాల్‌సింగ్ టక్ టక్‌మన్నాడు. చక్రాలు ఒకసారి కరకరమని, పట్టు దొరకబుచ్చుకున్నాయి. టబ్బుల వరుస ఒక్కటొక్కటే బిగుసుకుని కదిలింది. ‘‘హోయ్ హోయ్!’’ అని అరిచింది ఈసారి లాల్‌సింగ్ కాదు, టబ్బు అంచులు రెండు చేతులా పట్టుకున్న ఇంజనీరు. ఎత్తు దాటాక లాల్‌సింగ్ వేలు తీయకుండా హారన్ కొట్టాడు.

ఆ తర్వాత తొంభైల నడిమి దాకా, ఆ గనిలో నింపాల్సిన ఖాళీలు అయిపోయే దాకా, దున్న నడిచింది. లాల్‌సింగ్ మళ్లీ బాయిలోకి దిగలేదు. దసరాకు ఇంజన్ ముందు టెంకాయతో పాటు ఒక దోసెడు ఇసుక పోయడం అప్పటి నుంచే మొదలైంది. చాంది ఆముదం సీసాను ఆ ఒక్కరోజు సమ్మయ్య తన ఇంట్లో దాచేవాడు. సారంగపాణి బదిలీ అయ్యేదాకా ఏటా పండక్కి వచ్చాడు. షెడ్డు గుమ్మంలో అతను కనబడగానే చాంది టబ్బు చూపించేది.

‘‘ఎక్కు సారూ, జర తక్కువ పడ్డది.’’