ఎల్లవ్వ వల, నా మొదటి షాటు

నిన్న కిటికీ తెర తాడు తెగిపోతే కొత్త నైలాన్ తాడు కట్టి, కొస పీచు లేవకుండా అగ్గిపుల్లతో అంటించాను. గొంతులో పట్టుకునే ఆ ఘాటు వాసన గదంతా నిండగానే చేతిలో పని వదిలేసి కూర్చుండిపోయాను. ఎల్లవ్వ పక్కన కూర్చున్నప్పుడల్లా వచ్చే వాసన అదే. దారం ముడివేసి, కొస తెంపి, నిప్పు తగిలించి, వేడివేడిగా ఉండగానే వేలితో అదిమేది. ఆ వేలికి కాలడమంటే తెలియదేమో అనుకునేదాన్ని.

ఎల్లవ్వది షామీర్‌పేట. చెరువులో చేపలు పట్టే కుటుంబం. భర్త పోయాక కొడుకు తెప్ప మీద వెళ్లేవాడు, ఆమె గట్టున కూర్చుని చిరిగిన వలలు బాగుచేసేది. మాది దూలపల్లిలో కొత్త కాలనీ. నాన్న ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డాం. అప్పుడు నేను చదువుతున్న సినిమా కోర్సు చివరి ఏడాదిలో ఒక చిన్న చిత్రం తీసి చూపించాలి. ఒక అవ్వ మనవరాలికి వల కుట్టడం నేర్పే కథ రాసుకున్నాను. ఒక ఆదివారం స్థలం చూడటానికి వెళ్లి, ఎల్లవ్వ దగ్గర అరగంట కూర్చుని, ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకుని, ఇక నాకు అంతా తెలిసిపోయిందనుకుని తిరిగొచ్చాను.

కాలేజీ వాళ్లు మాకు కెమెరా రెండు రోజులే ఇస్తారు. మొదటిరోజు పనికొచ్చే షాటు ఒక్కటైనా చూపించకపోతే రెండోరోజు మరొకరికి వెళ్తుంది. బ్యాంకు పరీక్షలకు చదువుకోమని నాన్న ఏడాదిగా చెబుతున్నారు. ఆ మొదటిరోజు గానీ పాడైతే ఆయన మాటే వినేద్దామని, ఎవరికీ చెప్పకుండా నాలో నేనే నిశ్చయించుకున్నాను.

మొదటిరోజు మంగళవారం. తెల్లవారేసరికి చెరువు గట్టు మీద ఉన్నాం. కెమెరా, దర్శకత్వం నావి. సౌండు మా క్లాసు ఇమ్రాన్‌ది. మనవరాలి వేషం నా క్లాస్‌మేట్ హారికది. అవ్వ వేషం వేయాల్సిన నాటకాల నటి ఎంతకీ రాలేదు. ఫోన్ చేస్తే ఆమె కూతురు ఎత్తింది. రాత్రి నుంచి జ్వరమట, లేవలేకపోతోందట. సరే, ముందు హారిక ఒక్కదాని షాట్లు తీద్దామనుకుంటే దుండిగల్ వైపు నుంచి వైమానిక దళం వాళ్ల చిన్న శిక్షణ విమానాలు వరసగా వచ్చి నెత్తిమీద తిరగడం మొదలుపెట్టాయి. ఇమ్రాన్ మాటిమాటికీ హెడ్‌ఫోన్లు తీసి తల అడ్డంగా ఊపుతున్నాడు. ఎండ ఎక్కిపోయింది. పదకొండైనా ఒక్క షాటూ లేదు. నేను కెమెరా పెట్టె మీద కూర్చుని ఏడుపు ఆపుకుంటున్నాను.

కాస్త దూరంలో వల కుడుతున్న ఎల్లవ్వ అక్కడి నుంచే పిలిచింది. "ఏంది బిడ్డా, పొద్దుగాల్నుంచి సూస్తున్న. గంత పరేషాన్ ఎందుకైతున్నవ్?"

వెళ్లి అన్నీ చెప్పుకున్నాను. ఆమె ఆకాశం వైపు చూసింది. "గివి పగటి అన్నం యాళ్ల దాంక తిరుగుతయ్. తర్వాత రావు. మొన్న నువ్వు ఐతారం నాడు వస్తివి. ఐతారం నాడు అన్నీ మంచిగనే ఉంటయ్."

ఒక్క ఆదివారం అరగంట చూసి అంతా తెలుసనుకున్నందుకు సిగ్గేసింది. ఆ తర్వాతే, "అవ్వా, మీరే ఆ వేషం వేస్తారా?" అని అడగగలిగాను. ఆమె నవ్వి, మేం తెచ్చిన వల చూపించమంది. కొత్త నీలం రంగు వల. చిరిగినట్టు కనబడాలని నేనే అక్కడక్కడా కోశాను.

"కత్తెరతోటి కోసినవా? రాయికి తట్టి చిరిగితే గిట్లుంటదా?" అని పక్కన పడేసింది. "గిది నేను కుట్ట. నా వల కుడుత. మాపటికల్ల నా కొడుక్కియ్యాలె. నువ్వు తీసుకుంటే తీసుకో."

రాసుకొచ్చిన డైలాగ్ చదివి వినిపించాను. 'ఈ వలలాంటిదేనమ్మా మన జీవితం' అని ఉంది అందులో. ఎల్లవ్వ నా మొహంలోకి చూసి, "గిట్ల ఎవలు మాట్లాడుతరు బిడ్డా?" అని నిజంగానే అడిగింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తెచ్చుకున్న పులిహోర అందరం తిన్నాం. విమానాలు ఆగాయి. హారికను ఎల్లవ్వ పక్కన కూర్చోబెట్టి కెమెరా నడిపించాను. హారికకు ముడి రావడంలేదు. నటన కాదు, నిజంగానే రావడంలేదు. ఎల్లవ్వ ఆమె చేతిమీద ఒక్కటేసింది. "నా మొకం ఎందుకు సూస్తవ్? వల కన్ను సూడు. పక్క కన్నెంతుందో గిదీ గంతే ఉండాలె." మళ్లీ తప్పింది, మళ్లీ విప్పించింది. నాలుగోసారి ముడి పడగానే హారిక మొహంలో వచ్చిన వెలుగు నేను ఏ కాగితం మీదా రాయలేనిది. ఆ సంబరంలో "కట్!" అని అరిచాను. ఎల్లవ్వ చేతులు మాత్రం ఆగలేదు.

"ముడి నడుమల ఎట్ల ఇడ్సిపెడత? నువ్వే జర ఆగు."

ఆగాను. కెమెరా నడుస్తూనే ఉంది. ఆమె ముడి బిగించి, కొస కాల్చి, వేలితో అదిమి, వలను వెలుతురుకెత్తి చూసుకుంది. ఆ చూపే నా సినిమాకు చివరి షాటైంది. కాలేజీలో ఆ షాటు చూపిస్తే మర్నాడు కెమెరా మళ్లీ నాకే ఇచ్చారు.

పూర్తయ్యాక లాప్‌టాప్ తీసుకెళ్లి ఆమె ఇంటి అరుగు మీద పెట్టి చూపించాను. కొడుకు, కోడలు మెచ్చుకుంటున్నారు. ఎల్లవ్వ మాత్రం తెర మీద ఒకచోట వేలు పెట్టింది. "గీడ ఒక కన్ను పెద్దగైంది. సరిజేయొస్తదా?"

"రాదవ్వా."

"నేను గా వల తెల్లారే సరిజేసిన. నీ సినిమాలనే గట్ల మిగిలింది," అని పకపకా నవ్వింది.

రెండేళ్ల క్రితం ఎల్లవ్వ పోయింది. నేను పనిచేసుకునే మనుషుల మీద చిన్న చిత్రాలు తీస్తూ బతుకుతున్నాను. నాన్న బ్యాంకు పరీక్షల మాట ఎత్తడం మానేసి చాలాకాలమైంది. మొదటిరోజు ఇప్పటికీ ఏదో ఒకటి తప్పుతుంది. వాన వస్తుంది, మనిషి రాడు, రాసుకున్న మాట నోట పలకదు. అయినా ఆ రోజంటే ఇప్పుడు భయం లేదు. 'కట్' అనే మాట నాలుక మీదికొచ్చినప్పుడు ఎదుటి మనిషి చేతుల వైపు చూస్తాను. ఆ చేతులు ఆగాకే అంటాను.