విమానానికి తీసిన దిష్టి

దయ్యాలు, దిష్టులు నేను నమ్మను. డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని. ఇది చదివి నన్ను మా అత్తయ్య పార్టీలో కలిపేయకండి. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

మార్టూరులో మాకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. రాయి కొనేవాళ్లతో మాట్లాడటానికి మావారు పోయినేడాది లండన్ వెళ్లారు. అదే మొదటిసారి విమానం ఎక్కడం. హైదరాబాద్ నుంచి లండన్‌కి ఏడు వేల కిలోమీటర్ల పైమాటే. ఎక్కడా ఆగకుండా వెళ్లినా పది గంటలు పడుతుంది. పొద్దున బయల్దేరిన ఆ విమానాన్ని ఫోన్‌లో మ్యాప్ మీద చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ఏదో సముద్రం అంచున విమానం బొమ్మ మాయమైంది. సిగ్నల్ అందని చోట అలా అవుతుందని అత్తయ్యకి చెప్పాను. కానీ ఎంతసేపటికీ అది మళ్లీ కనబడలేదు. 

"వీధంతా వచ్చి సాగనంపారు. ఆ కళ్లు ఊరికే పోతాయా" అంటూ ఆవిడ గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చారు.

"మనిషి లేకుండా ఎవరి చుట్టూ తిప్పుతారండీ?"

"ఫోను చుట్టూ. వాడు అందులోనేగా పోతుంది."

"దాంతో ఛార్జింగ్ కూడా ఎక్కుతుందేమో చూడండి."

"ఎక్కితే ఎక్కుద్దిలే. వాగకుండా పట్టుకో అమ్మాయ్."

పట్టుకున్నాను. ఆవిడ మూడుసార్లు తిప్పి, పెరట్లో నీళ్లు కాచే పొయ్యిలో వేశారు. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు కదా, రాలేదు. కాయలు నల్లగా మాడాయి, పొగ ముఖానికి కొట్టింది, ఇద్దరిలో ఎవరికీ దగ్గు రాలేదు. పాత కాయలై ఉంటాయని తేల్చేయకండి. కొత్త పంటవి. మర్నాడు మిగిలినవి పోపులో వేస్తే పక్కింటివాళ్లు కూడా తుమ్మారు.

కాసేపటికి విమానం బొమ్మ కనబడింది. సాయంత్రం ఆయన దిగి ఫోన్ చేశారు. ఫోను పట్టుకుని వాకిట్లో మెట్ల మీద కూర్చున్నాను. నేనేమీ చెప్పకముందే ఆయన మొదలుపెట్టారు.

"దార్లో విమానం ఒక్కసారిగా కిందికి జారిందే. అందరూ కేకలు. ఇంతలో మిరపకాయలు మాడినట్టు ఒకటే ఘాటు, విమానమంతా దగ్గులు. విమానంలో పనిచేసేవాళ్లు మూలమూలా వెతికారు, ఏమీ దొరకలేదంట. ఆ తర్వాత కుదుటపడింది."

ఎవరి సంచిలోనో కారప్పొడి పొట్లం చిట్లి ఉంటుందని అనుకుని చూశాను. పొడి వాసన వేరు, మాడిన వాసన వేరు. గుంటూరు మిరపకాయ తిని పెరిగిన మనిషి ఆ రెంటి దగ్గర పొరబడడు. మా పెరట్లో లేని ఘాటు మేఘాల మీద మూసిన విమానంలోకి ఎలా వెళ్లిందో ఏ ఫిజిక్స్ పుస్తకమూ నాకు చెప్పలేదు.

ఫోను అత్తయ్యకిచ్చాను. ఆవిడ "అన్నం తిన్నావా నాన్నా?" అని మాత్రం అడిగి తిరిగిచ్చేశారు.

"దిష్టి సంగతి చెప్పలేదేం?" అన్నాను.

"దిగాడుగా. ఇంకెందుకు?"

ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ సాయంత్రం మాత్రం ఇద్దరం ఆ మెట్ల మీదే కూర్చుని చాలాసేపు ఊరికే నవ్వుకున్నాం.