గేటు ముందు చాచిన చెయ్యి

నా చిన్నప్పుడు మేము గ్వామ్‌లో ఉండేవాళ్లం. పసిఫిక్ సముద్రం మధ్య, అమెరికా జెండా కింద ఉన్న చిన్న దీవి అది. ఉత్తరాన ఒక మిలిటరీ బేస్, రేవు దగ్గర ఇంకొకటి. ఆ రెండూ పోగా మిగిలిన నేల మీద అక్కడివాళ్లు, అంటే చమోరోలు, తమ దీవిలో తామే అద్దెకున్నట్టు సర్దుకుని బతికేవారు. మా నాన్న బేస్‌కి కరెంటు పనులు చేసిపెట్టే ఒక కంపెనీలో ఇంజనీరు. నాయనమ్మ మాతోనే ఉండేది.

మాది ఒకప్పుడు జమీ. చట్టం వచ్చి భూములు పోయాయి. ఆ తరువాత వ్యాజ్యాల్లో దివాణమూ పోయింది. మిగిలింది నాయనమ్మ వెన్నెముక ఒక్కటే. ఆవిడ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటి మీదుగా యుద్ధవిమానాలు వెళ్లినప్పుడు అలమరలో గిన్నెలు గలగలలాడేవి. నాయనమ్మ మాట మధ్యలో ఆపి, ఆ మోత పోయేదాకా ఊరుకుని, ఆపిన చోటినుంచే మళ్లీ అందుకునేది. ఎవరికోసమూ గొంతు పెంచడం ఆవిడకు తెలియదు.

కంచె అవతల పచ్చగడ్డి మీద పొద్దస్తమానం నీళ్లు చిమ్ముతూ ఉండేవి. ఇవతల ఎండాకాలంలో మా కుళాయి తిప్పితే గాలి వచ్చేది. అయినా మా వీధిలో సగం మంది ఆ కంచె వైపే ఆశగా చూసేవారు. లోపలి షాపులో దొరికే డబ్బా మాంసం ఎవరైనా తెచ్చిపెడితే అది వరమైనట్టు మురిసిపోయేవారు. మనవాళ్లు తక్కువ తిన్నారా అంటే అదీ లేదు. బేస్‌లో ఏదో ఆఫీసులో పనిచేసే తెలుగు అంకుల్ ఒకాయన ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. బేస్ గుర్తు ఉన్న టోపీ అన్నం ముందు కూడా తీసేవారు కాదు.

"లోపల ఏం కొన్నా టాక్స్ ఉండదండీ. పైగా కెప్టెన్ గారు నన్ను ఫస్ట్ నేమ్‌తో పిలుస్తారు, తెలుసా?" అన్నారు ఒకసారి.

"మా దివాణంలో వేటకుక్కల్ని కూడా పేరుపెట్టే పిలిచేవారు నాయనా" అంది నాయనమ్మ, ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు వేస్తూ.

అమెరికాలో నేనిప్పుడు ఉంటున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టినరోజు పార్టీలకు కూడా మెడలో కంపెనీ బ్యాడ్జీ వేలాడేసుకుని వచ్చే పెద్దమనుషులను చూసినప్పుడల్లా నాకు ఆ టోపీ గుర్తొస్తుంది. తాడు మారింది, మెడ మారలేదు.

ఆ దీవిలో నాయనమ్మ సాటిమనిషిగా ఒప్పుకున్నది పక్కింటి చమోరో అవ్వను ఒక్కదాన్నే. వాళ్లలో ఒక ఆచారం ఉంది. పెద్దవాళ్లు చెయ్యి చాస్తే చిన్నవాళ్లు వంగి, ఆ చేతిని ముక్కు దగ్గరకు తీసుకుని మెల్లగా ఊపిరి పీలుస్తారు. పెద్దల ఆశీస్సును లోపలికి తీసుకోవడమన్నమాట. వీధిలో పిల్లలందరూ అవ్వ ముందు అలా వంగి వెళ్లేవారు. నేనూ వంగేదాన్ని. అవ్వ చేతికి కొబ్బరినూనె వాసన ఉండేది.

అవ్వ పుట్టిన పొలం ఉత్తరపు బేస్ లోపల ఉంది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక కంచె వేసి తీసుకున్నారు. వాళ్లమ్మ సమాధి కూడా అందులోనే ఉండిపోయింది. ఏటా చనిపోయినవాళ్లను తలుచుకునే రోజున ఆ పొలాలు పోయినవాళ్లను ఒక బస్సులో లోపలికి తీసుకెళ్లి, కొవ్వొత్తులు వెలిగించుకోనిచ్చి, చీకటి పడకముందే బయట దింపేవారు. ఆ ఏడు కొత్త నిబంధన పెట్టారు. లోపలికి వచ్చేవాళ్లు ముందుగా సందర్శకులమని సంతకం పెట్టి పాస్ తీసుకోవాలి. అందరూ పెట్టారు. అవ్వ పెట్టలేదు.

"సంతకమే కదమ్మా" అని కొడుకు బతిమాలాడు. చర్చి ఫాదర్ కూడా వచ్చి చెప్పాడు. ఆవిడది ఒకటే మాట. "మా అమ్మ దగ్గరికి నేను చుట్టంలా పోవాలా?"

అవ్వకు అప్పటికే గుండెజబ్బు. ఆ ఏడు తప్పితే మళ్లీ ఏడు తాను ఉండదని ఆవిడకు తెలుసు, మాకూ తెలుసు. బస్సు ఆవిడను వదిలి వెళ్లిపోయాక మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో కొవ్వొత్తులున్న సంచి. మా నాన్నకు కారుంది, బేస్‌లోకి వెళ్లే పాస్ కూడా ఉంది.

నాన్న ముఖం పాలిపోయింది. "పాస్ లేని మనిషిని తీసుకెళ్తే నా జాబ్ పోతుందమ్మా" అన్నాడు నాయనమ్మతో, తెలుగులో.

"ఒరేయ్, నీ ఉద్యోగం వాళ్లిచ్చారు సరే. ఆవిడ నేల వాళ్లకెవరిచ్చారు? కారు తియ్యి" అంది నాయనమ్మ. అని, దారిలో కొడుకు ధైర్యం సడలకుండా తానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. అవ్వా నేనూ వెనక కూర్చున్నాం.

గేటు దగ్గర యూనిఫాంలో ఉన్నవాడు చమోరో కుర్రవాడే. ఆ దీవి పిల్లలు ఆ సైన్యంలో చాలామంది చేరేవారు. కుర్రవాడి వెనక గాజు గదిలో అతని పైఅధికారి, ఎర్రటి మెడవాడు, కాఫీ తాగుతూ మమ్మల్నే చూస్తున్నాడు. కుర్రవాడు నాన్న పాస్ చూశాడు. మమ్మల్ని కుటుంబమని వదిలేశాడు. తరువాత వెనక సీటు వైపు వంగి అవ్వను చూసి ఇంగ్లీషులో అడిగాడు.

"మామ్, మీ విజిటర్ పాస్?"

నాయనమ్మ తల తిప్పకుండా, ఎదురుగా చూస్తూ, "పోనివ్వమని చెప్పరా వాడికి" అంది. ఆ గొంతుకు ఒకప్పుడు కోట తలుపులు తెరుచుకునేవేమో. ఈ అడ్డుకర్ర లేవలేదు.

"పాస్ లేకపోతే కార్ వెనక్కి తిప్పండి సార్."

నాన్న బతిమాలడం మొదలుపెట్టాడు. ప్లీజ్ అన్నాడు, పెద్దావిడ అన్నాడు, ఐదు నిమిషాలు చాలన్నాడు. నాన్న గొంతు అంత సన్నగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. నాయనమ్మ కళ్లు మూసుకుంది.

అప్పుడు అవ్వ తలుపు తీసుకుని కిందికి దిగింది. కుర్రవాడి ముందుకు వెళ్లి నిలబడింది. వీధిలో పిల్లలకు చాచినట్టే చెయ్యి చాచింది.

వెనక కార్లు హారన్లు కొట్టసాగాయి. కుర్రవాడు గాజు గది వైపు చూశాడు. ఎర్రమెడవాడు కాఫీ కప్పు కింద పెట్టాడు. అవ్వ చెయ్యి గాలిలో అలాగే ఉంది. కుర్రవాడు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నడుము దాకా వంగి, ఆ చేతిని ముఖానికి దగ్గరగా తీసుకుని ఊపిరి పీల్చాడు.

అవ్వ తమ భాషలో ఏదో అడిగింది. అతను తల దించుకునే జవాబు చెప్పాడు. తరువాత తానే వచ్చి కారు తలుపు పట్టుకుని ఆవిడను ఎక్కించి, అడ్డుకర్ర ఎత్తాడు. మనవడిగా వంగినవాడు అవ్వను పాస్ ఎలా అడుగుతాడు?

"ఎవరి మనవడివని అడిగాను" అంది అవ్వ కారు కదిలాక, ఇంగ్లీషులో. "మా పొలం గట్టు అవతల వాళ్లదే. వాళ్ల ముత్తాత సమాధి కూడా లోపలే ఉంది."

సమాధి దగ్గర గడ్డి క్షవరం చేసినట్టు నున్నగా కత్తిరించి ఉంది. పక్కనే బోర్డు. ఇది సాంస్కృతిక ప్రదేశం, ఏమీ తాకరాదు అని. తల్లి సమాధిని తాకవద్దని కూతురికి చెప్పే బోర్డు. దొంగిలించిన సొత్తును అద్దాల బీరువాలో పెట్టి, శుభ్రంగా ఉంచుతున్నామని గొప్పలు పోయే మనుషులు వాళ్లు. అవ్వ తలమీది గుడ్డ తీసి ఆ బోర్డు మీద కప్పి, మోకాళ్ల మీద కూర్చుంది. సముద్రపు గాలికి కొవ్వొత్తి నిలవడం లేదు. నాయనమ్మ చెప్పులు విడిచి వచ్చి, ఆవిడ పక్కన నేలమీద కూర్చుని, తన పట్టుచీర కొంగు అడ్డం పట్టింది.

మేము తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. ఆ కుర్రవాణ్ణి గోదాముల్లో మూటలు మోసే పనికి మార్చారని తరువాత అవ్వ కొడుకు చెప్పాడు. నాన్న ఉద్యోగానికి ఏమీ కాలేదు. అవ్వ వానలు వెనకబట్టేలోగా పోయింది.

సమాధి దగ్గరికి వెళ్లొచ్చిన రాత్రి నాయనమ్మ నాకు జడ విప్పుతూ అన్న మాట ఇది. "మన దివాణంలో రోజూ ఎంతోమంది వంగేవాళ్లే. జమీ పోయిన మర్నాడు వాళ్ల నడుములు నిటారుగా అయ్యాయి. అది గౌరవమనుకుని బతికామే." ఆవిడ నోట మా వంశం గురించి అలాంటి మాట వినడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

ఆ బేస్‌ల మీద, వాటి చుట్టూ తోకలాడించేవాళ్ల మీద నాకున్న చులకన ఈ వయసులోనూ తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. ఎవరైనా నా ముందు వినయంగా వంగితే మాత్రం, ఈ వంగడం వల్ల ఇతనికి ఏం వస్తుందా అని ముందు చూస్తాను. సాధారణంగా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఏమీ రాకపోగా పోయేదే ఉందని తెలిసి కూడా వంగినవాణ్ణి ఒకే ఒక్కణ్ణి చూశాను. అతని పేరు నాకు తెలియదు. పెద్ద పెద్ద పేర్లున్నవాళ్లు ఇంటికి వస్తే కూర్చునే పలకరిస్తాను. అతను ఎప్పుడైనా నా గుమ్మంలోకి వస్తే, లేచి నిలబడతాను.