చాట కింద దీపం

మా చిన్నప్పుడు దీపం పెట్టాక ఇంట్లోంచి నిప్పు బయటికి ఇచ్చేవాళ్ళు కాదు... ఉప్పు, నూనె కూడా అంతే. ఎవరైనా తెలియక అడిగితే "పొద్దుగాల రా బిడ్డా" అని మా నాయనమ్మ వాకిట్లోంచే పంపించేసేది.

ఎడపల్లి దాటాక కాలువ పక్కన మా ఇల్లు, ఖాలా వాళ్ళ ఇల్లు... రెండే ఇళ్ళు. చుట్టూ చెరుకు. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, కానీ ఆమె మాకు చుట్టం కాదు. కానీ చుట్టాలకన్నా ఎక్కువ తిట్టేది, ఎక్కువ తినిపించేది.

ఒక ఏడాది ఎండాకాలం మొదట్లో చెరుకు బండి చక్రం మా బాపు... అంటే మా నాన్న... కాలి మీంచి పోయింది. ఆరు నెలలు దాటినా మంచం దిగలేదు. పొలం, ఎడ్లు, అత్త, మొగుడు, నేను... అన్నీ మా అవ్వ, అంటే మా అమ్మ నెత్తినే పడ్డాయి. దసరాకు అవ్వ మొక్కుకుంది. బాపు లేచి నడవాలని, తొమ్మిది రోజులు దేవుని గూట్లో అఖండ దీపం పెడతానని. ఆ దీపాన్ని కదపకూడదు, ఆరిపోనివ్వకూడదు.

లేచి లేచి నూనె పోస్తూ, ఒక్క పూటే తింటూ... ఆరో రోజుకల్లా అవ్వ కూర్చున్న చోటే కళ్ళు మూసేది. అప్పటి ఆమె వయసుకు రెండింతలు దాటాను. ఆ అలసట ఎలాంటిదో ఇప్పుడు తెలుస్తోంది.

ఏడో రోజు గురువారం. పొద్దుటి నుంచి ఒకటే వాన. కాలువ పొంగి తోవ మూసుకుపోయింది. పెంకుల సందుల్లోంచి నీళ్ళు కారి రెండిళ్ళలోనూ పొయ్యిలు ఆరిపోయాయి. అగ్గిపుల్ల గీస్తే మందు ఊడి వస్తోంది తప్ప మండడం లేదు. దీపాల వేళకు ఖాలా వచ్చి మా గడప బయట నిలబడింది. చేతిలో ఆరిపోయిన కందిలి... లాంతరును మేము అలాగే అనేవాళ్ళం.

నిప్పు కావాలని అడగలేదు. మా ఆచారం ఆమెకు తెలుసు.

"కోడలికి నొప్పులొస్తున్నయి చెల్లె" అంది. "కాన్పు చేసే నర్సమ్మ పగటిపూట నుంచి ఇంట్లనే ఉన్నది. చీకట్ల ఏం కనబడ్తలేదంటున్నది."

అవ్వ దీపం వైపు చూసింది. నాయనమ్మకు విషయం అర్థమైపోయింది.

"నిప్పిస్తే లచ్చిమి పోతది. ఇయ్యకు."

"నేను నిప్పిస్తలేనత్తా. దీపాన్నే తీస్కపోతున్న. మల్ల తెస్త."

"గూట్లకెళ్లి కదిపితే మొక్కు పోదానే? నీ మొగని కాలు సంగతేంది?"

అవ్వ అప్పటికే పళ్ళెం అందుకుంది. మంచం మీంచి బాపు "పోనియ్యవే అవ్వా" అన్నాడు వాళ్ళమ్మతో.

ప్రమిదను పళ్ళెంలో పెట్టుకుని "చాట పట్టుకో బిడ్డా, వాన పడనియ్యకు" అంది అవ్వ నాతో. తొమ్మిదేళ్ళదాన్ని... రెండు చేతులా చాట ఎత్తిపట్టి పక్కనే నడిచాను.

ఖాలా ఇంట్లో ముందు కందిలి ముట్టించారు. నర్సమ్మ సంచిలోంచి మోంబత్తి, అంటే కొవ్వొత్తి తీసింది. క్రిస్మస్‌కు చర్చిలో పెట్టడానికి దాచుకున్నదట. మా దీపంతో దాన్ని వెలిగించి, కళ్ళు మూసుకుని ప్రభువుతో ఏదో చెప్పుకుంది. ప్రతి గురువారం లాగే ఖాలా తన గోడ గూట్లో చిరాగు... చిన్న నూనె దీపం... పెట్టి దువా చేసింది. అదీ మా దీపంతోనే.

నాకొక పెద్ద అనుమానం వచ్చింది. "అవ్వా, ఇప్పుడు ఈ మంటల ఏ దేవుడున్నడు?"

"ఎవ్వలుంటేంది... పిల్ల పానం బయటపడాలె" అంది అవ్వ, గోడకు ఆనుకుని.

కాసేపటికే దీపం తీసుకుని బయల్దేరాం. మా వాకిలి ఇంకో ఇరవై అడుగులు ఉందనగా వెనక నుంచి కేరుమని పసిబిడ్డ ఏడుపు. సంతోషంతో వెనక్కి తిరిగాను. చాట పక్కకు ఒరిగింది.

దీపం కొండెక్కింది.

అవ్వ నన్ను కొట్టలేదు. ఆ బురదలోనే కూర్చుండిపోయింది. "నాతోని అయితలేదు బిడ్డా" అని ఏడ్చింది. అవ్వ ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. కాసేపటికి లేచి ఖాలా ఇంటికే మళ్ళింది. ఖాలా గూట్లోంచి చిరాగు తెచ్చి మా వత్తికి అంటించింది.

"నీ మంటనే చెల్లె. గింతసేపు నా గూట్ల ఉన్నది, గంతే."

ఇంటికి రాగానే నాయనమ్మ "ఆరలేదు గద?" అని అడిగింది. "లేదత్తా" అంది అవ్వ. నాకు తెలిసి అవ్వ ఆడిన అబద్ధం అదొక్కటే.

బెల్లం వండే కాలానికి బాపు లేచాడు. కానీ జన్మంతా కుంటుతూనే నడిచాడు. అలా చూసినప్పుడల్లా నాయనమ్మ "దీపం జాగ కదిపినందుకే" అనేది. అవ్వ తల వంచుకుని పని చేసుకునేది. నా చాటే కారణమని నేను లోపల్లోపల కుమిలేదాన్ని. ఇద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తుకోలేదు.

అవ్వ చనిపోయిన ఏడాది బాపుకు అంతా చెప్పేశాను. మోకాలు రుద్దుకుంటూ విన్నాడు.

"మల్ల యాడ ముట్టించిండ్రు?"

"ఖాలా వాళ్ల చిరాగుకు."

బాపు పకపకా నవ్వాడు. "అయితే నన్ను ఇద్దరు దేవుళ్లు కలిసి లేపిండ్రన్నట్టు! ఒక్కళ్లతోని అయ్యే పనా..."

తర్వాత మళ్ళీ మోకాలు రుద్దుకున్నాడు. "అప్పుడే నాకు చెప్పకపోయిండ్రు" అన్నాడు. "మీ అవ్వ గా బరువు మోసుకుంటనే పాయె గదా..."

ఇప్పుడు మా ఇంట్లో దేవుడి ముందు కరెంటు దీపం. నూనె అక్కర్లేదు, వానకు భయపడక్కర్లేదు. ఓపిక లేనిదాన్ని, నాకు అదే సుఖంగా ఉంది. కానీ దాంతో ఇంకో దీపాన్ని ముట్టించలేం...

మీ ఇంటి దీపం ఎప్పుడైనా పొరుగింటికి వెళ్ళి వచ్చిందా? వచ్చి ఉంటే రాయండి. రాసే ఓపిక తగ్గింది కానీ, చదివే ఓపిక ఇంకా ఉంది.