పది లెక్కపెట్టేలోగా

మొన్న టీవీలో ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్ అయిపోయాక, కోట్లు తొడుక్కున్న నలుగురు కూర్చుని, గెలుస్తున్న జట్టు కావాలని టైము చంపితే ఏ శిక్ష వెయ్యాలని వాదించుకుంటున్నారు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆగిపోయింది. టీవీ కట్టేశాను. తొంభైల చివర్లో యాడికి అనే ఊరి దగ్గర మా పల్లెలో, కబడ్డీ పోటీల కోసం ఇదే వాదన జరిగింది. మావాళ్లకు కోట్లు లేవు, కట్టెలున్నాయి.

అప్పట్లో రెండు పాయింట్లు ముందుంటే చాలు, ఆటగాళ్లకు లేని రోగాలన్నీ పుట్టుకొచ్చేవి. ఒకడికి పిక్క పట్టేసేది, ఇంకొకడు నిక్కరు బొందు కట్టుకోవడానికే ఐదు నిమిషాలు తీసుకునేవాడు. అంతకుముందు ఏడాది ఇలాగే ఒకడు పడుకుంటే, ఎదుటి ఊరివాళ్లు రాళ్లు విసిరి ముగ్గురి తలలు పగలగొట్టారు. అందుకే రెఫరీగా ఉండే మా చిన్నాయన పెద్దమనుషులను కూర్చోబెట్టి కొత్త రూలు తెచ్చాడు: పడినవాడు పది లెక్కపెట్టేలోగా లేవకపోతే ఔటు.

"నిజంగా దెబ్బ తగిలింటే ఏం జేస్తావప్పా?" అని ఒక ముసలాయన అడిగాడు.

"నాటకమో నిజమో చూస్తానే తెలుస్తాది లే అన్నా," అని చిన్నాయన మీసం తిప్పాడు.

ఫైనల్లో పక్క ఊరి తరఫున మా మేనత్త కొడుకు ఆడాడు. వాళ్లే ముందున్నారు. కూతకు పోయిన మావాడిని బావ కాలు పట్టి పడేశాడు. మావాడితో పాటు ఇంకో నలుగురు బావ మీద కూలారు. అందరూ లేచారు, బావ లేవలేదు. జనం గీత మీదికి తోసుకొచ్చారు. "మేనల్లుడని ఇడ్సిపెడ్తాండావా?" అని ఎవడో చిన్నాయన చొక్కా పట్టుకున్నాడు. చిన్నాయన మొహం నల్లబడింది. ఒకటీ, రెండూ అని గట్టిగా మొదలుపెట్టాడు.

"మామా, కాలు ఇరిగిండాది మామా," అంటూ బావ మట్టిని గోళ్లతో గీరుతున్నాడు.

పది కాగానే చిన్నాయన ఈల వేసి, ఆట ఆగకూడదని తానే బావ చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చాడు. రెండో చెయ్యి పట్టి ఈడ్చింది, గీత దగ్గర నిలబడి చూస్తున్న నేను. నేనూ నాటకమే అనుకున్నాను. మోకాలి కింద ఎముక తోలు చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది. బావ అరిచిన అరుపు రెండు ఊళ్లవాళ్లకూ వినపడింది. తర్వాత కట్టెలు లేచాయి. మొదటి దెబ్బ చిన్నాయన మూతి మీద పడి రెండు పళ్లు రాలాయి. నా చెయ్యి విరిగింది. గంటసేపు కొట్టుకున్నారు, ఆ గంటా బావ గీత పక్కనే నెత్తుట్లో పడి ఉన్నాడు. తాడిపత్రి ఆస్పత్రికి ట్రాక్టర్లో తీసుకుపోవాలని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు.

బావ కాలు పొట్టిదైపోయింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా కుంటుకుంటూ మెట్లెక్కేసరికి కూడు చల్లారిపోయేది. చిన్నాయన ముద్ద ముట్టకుండా తలవంచుకుని కాచుకునేవాడు. ఎన్నేళ్లు అలా కూర్చున్నా, ఆరోజు చిన్నాయనా నేనూ ఆగాల్సిన ఒక్క క్షణానికి అవి సరిపోలేదు.