ఉద్వాసన చెప్పకుండా పీకకూడని వైర్లు

మా ఇంట్లో ఆయుధ పూజ అంటే కంప్యూటరుకే. మేముండేది మణికొండలో. కత్తీ కొడవలీ లేవు. కూరగాయలు తరిగే చాకు ఉంది గానీ దాన్ని మా అత్తయ్య ఆయుధంగా ఒప్పుకోరు. ఏటా నవమి నాడు బల్ల మీది పాత డెస్క్‌టాప్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తారు. మా ఆయన ల్యాప్‌టాప్‌కూ ఒక బొట్టు పడుతుంది. అది కంపెనీది కాబట్టి చిన్న బొట్టు.

కిందటి దసరాకు మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. సరిగ్గా దశమి నాడు మధ్యాహ్నం రెండింటికి నాకు ఇంటర్వ్యూ. పాప పుట్టాక టెస్టింగ్ ఉద్యోగం మానేశాను. మళ్లీ చేరదామని ఏడాదిగా తిరుగుతున్నాను. మధ్యలో ఈ ఖాళీ ఏమిటని అడగడం, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేకపోవడం, ఇదే వరస. ఈ ఒక్క కంపెనీ చివరి రౌండు దాకా రానిచ్చింది. అడిగేవాళ్లు యూరప్‌లో ఉంటారు, వాళ్లకు దసరా లేదు. నా స్క్రీన్ చూపిస్తూ వాళ్లెదుటే ఒక ప్రోగ్రామును పరీక్షించి తప్పులు పట్టాలి. ఫోన్లో కుదరదని ముందే చెప్పేశారు. ఇది చేజారితే ఇంకెవరు పిలుస్తారో నాకైతే తెలియదు.

ఈ సంగతి చెప్పినప్పుడు అత్తయ్య ఒకే మాట అన్నారు.

"పాప బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు?"

"డేకేర్‌లో వేస్తానండీ" అన్నాను.

"సరే" అన్నారు.

అది ఎలాంటి సరేనో అత్తగారున్న ఆడవాళ్లకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. అప్పట్నుంచీ మా వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా మోగుతున్నాయి. సగం చప్పుడు ఆవిడది, సగం నాది.

నవమి నాడు ఆవిడకు ఒక కొత్త ఆలోచన వచ్చింది. అలమరలో ఉన్న ప్రింటరు, వెబ్‌క్యామ్, విడి హార్డ్ డిస్కు, స్పీకర్లు, హెడ్‌సెట్ అన్నీ తెచ్చి కంప్యూటరుకు తగిలించమన్నారు. "చెయ్యొక చోటా కాలొక చోటా పెట్టి ఒంటికి పూజ చేస్తామా అమ్మాయ్?" అన్నారు. వాదించే ఓపిక లేక తగిలించాను. ప్రింటరు పనిచేయక చాలా కాలమైంది. దానికీ అందరితో సమానంగా అక్షింతలు పడ్డాయి.

మరునాడు పొద్దున వంటింట్లో రోజూ మోగే అమ్మవారి స్తోత్రాలు మోగలేదు. పండగ హడావిడిలో మర్చిపోయారనుకున్నాను. పాప కిందింట్లో ఆడుకోవడానికి పోయింది. మా ఆయన టీమ్‌కు కూడా దసరా లేదు, ల్యాప్‌టాప్ తీసుకుని ఆఫీసుకు వెళ్లారు. భోజనాలయ్యాక తీరిగ్గా ఒంటిగంటకు కంప్యూటర్ ఆన్ చేశాను.

తెర మీద కంప్యూటరు కంపెనీ బొమ్మ వచ్చింది. పోయింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. డిస్కులు గానీ వేరే సరంజామా గానీ ఉంటే తీసేసి ఏదో ఒక కీ నొక్కమని దాని భావం. నొక్కాను. అదే సందేశం మళ్లీ వచ్చింది. ఇంకో కీ నొక్కాను. ఏ కీ నొక్కినా దానికి ఒకటేనట.

మా ఆయనకు ఫోన్ చేశాను.

"రీస్టార్ట్ చేశావా?" అన్నారు.

"చేశానండీ."

"పోనీ ఆఫ్ చేసి ఆన్ చేసి చూశావా?"

"దాన్నే రీస్టార్ట్ అంటారండీ."

"కొత్తగా ఏమైనా తగిలించావా?"

బల్ల వంక చూశాను. "మీరూ పాపా తప్ప ఇంట్లో ఉన్నవన్నీ" అన్నాను.

"ముందవన్నీ పీకెయ్. నాకు మీటింగుంది" అని పెట్టేశారు.

ఆ ముక్క ఆయన చెప్పక్కర్లేదు, నా వృత్తే అది. ఒకసారికి ఒక్కటే తీయాలి, తీసి చూడాలి. రెండు ఒకేసారి తీస్తే దోషి ఎవరో తేలదు. ప్రింటరు వైరు పట్టుకున్నాను.

"అమ్మాయ్!" అని వెనక నుంచి కేక. "ఉద్వాసన చెప్పకుండా కదపకూడదు!"

పూజలోకి పిలిచిన దేవతను సాగనంపితే గానీ పూజలో పెట్టిన వస్తువును కదపకూడదు. అదీ ఆవిడ పద్ధతి. సాయంత్రం జమ్మి చెట్టుకు దణ్ణం పెట్టుకొచ్చాకే ఆ సాగనంపడం.

"అత్తయ్యా, రెండింటికి నా ఇంటర్వ్యూ!"

"తెలుసు. అయినా కదపకూడదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను ఉద్యోగానికి వెళ్లడం మీకిష్టం లేకపోతే నోటితో చెప్పండి. మధ్యలో దేవుణ్ని అడ్డం పెట్టకండి" అనేశాను.

ఆవిడ గిరుక్కున తిరిగి దేవుడి గదిలోకి వెళ్లిపోయారు. అయిపోయింది, ఇక ఈ ఇంట్లో పండగ అయిపోయింది అనుకున్నాను. మరో క్షణానికి అక్షింతల పళ్లెంతో తిరిగొచ్చారు. "దూరం జరుగు" అని, ప్రింటరు మీద నాలుగు అక్షింతలు వేసి, "యథాస్థానం ప్రవేశయామి" అన్నారు. "ఊఁ, ఇప్పుడు పీకు."

పీకాను. ఆన్ చేశాను. అదే నల్ల తెర.

అప్పుడే మా ఓనరాంటీ బొబ్బట్ల పళ్లెం పట్టుకుని వచ్చారు. కిందింట్లో ఉంటారు. పుట్టిందీ పెరిగిందీ మణికొండలోనే. ఆవిడ భాషలో అవి బచ్చాలు. వెబ్‌క్యామ్ మీద అక్షింతలు పడుతుంటే గుమ్మంలో నిలబడి చూశారు.

"ఏందమ్మా, దానికి గిట్ల పానం పోయిందా?"

"స్టార్ట్ కావట్లేదాంటీ. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఏమైనా ఉందా?"

"ల్యాప్‌టాప్ ఏడిది బిడ్డా, అందరికీ ఫోన్లే. పైన ఇండ్లోళ్లు పండుగకు ఊర్లకు పోయిన్రు. నువ్వు పరేషాన్ కాకు. జర రెండు దెబ్బలెయ్యి, మా టీవీ గట్లనే నడుస్తది."

వెబ్‌క్యామ్ తీసినా రాలేదు. హార్డ్ డిస్కు మీద నాకు గట్టి అనుమానం ఉండేది, అది తీసినా రాలేదు. స్పీకర్లనూ, హెడ్‌సెట్‌నూ ఒకదాని తర్వాత ఒకటి అత్తయ్య శాస్త్రోక్తంగా సాగనంపారు, నేను పీకాను. మిగిలినవి కీబోర్డూ మౌసూ. గడియారంలో రెండు కావస్తోంది. మనిషికి ఆశ చచ్చేటప్పుడు తెలివి కూడా పోతుంది కాబోలు, రెండు దెబ్బలు వేశాను. చెయ్యి నొప్పెట్టింది.

కుర్చీలో కూలబడ్డాను. ఏడుపొచ్చింది. పెద్ద పరీక్ష తప్పితే ఏడ్చినా ఒక మర్యాద ఉంటుంది, పరీక్షకు కూర్చోకుండానే ఇలా పోవడం ఏమిటని. అప్పుడు చూశాను అత్తయ్య చేతిని. గుప్పిట్లో ఇంకా అక్షింతలున్నాయి. ఆవిడ చూపు నా మీద లేదు, కంప్యూటరు డబ్బా వెనకవైపు వేలాడుతున్న బంతిపూల దండ మీద ఉంది.

"ఇంకేమైనా తగిలించి ఉందా అత్తయ్యా?"

"ఏముంటుంది?"

"అత్తయ్యా!"

లేచి దండ పైకెత్తాను. వెనక ఒక మూల గోరంత పెన్‌డ్రైవ్ ఉంది. దాని మీద కుంకుమ బొట్టు. వంటింటి స్పీకరుకు ఉండాల్సిన పెన్‌డ్రైవ్ అది, స్తోత్రాలది.

"ఇదెప్పుడు పెట్టారు?"

"రాత్రి. అందరూ పడుకున్నాక." ఆవిడ గొంతు తగ్గింది. "పోయినసారి ఇంటర్వ్యూలో నీ గొంతు వణుకుతుంటే బయటికి వినిపించింది. తలుపేసుకుని ఒక్కదానివే కూర్చుంటావు. అమ్మవారు పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందని పెట్టాను. పాటలు మోగవులే, ఊరికే ఉంటాయి అనుకున్నాను."

మా డెస్క్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది. ఆన్ చేయగానే తన కడుపులో ఉన్నది చూసుకోదు, ముందు బయట తగిలించిన పెన్‌డ్రైవ్‌లో వెతుకుతుంది. ఆ అలవాటు దానికి ఎవరు నేర్పారో తెలియదు. వెతికింది, స్తోత్రాలు కనిపించాయి. వాటిలో విండోస్ లేదు. అందుకని అక్కడే ఆగి, తీసేయండి తీసేయండి అని మొత్తుకుంటోంది.

"మీకు నేను వెళ్లడం ఇష్టం లేదనుకున్నాను" అన్నాను.

"పాపకెవరుంటారు అని ఎందుకడిగానంటావు? మీరున్నారుగా అత్తయ్యా అంటావని. నువ్వేమో డేకేర్ అన్నావు."

ఆవిడ కళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంటున్నారు. పళ్లెం అడ్డమొస్తోంది. ఓనరాంటీ వచ్చి ఆ పళ్లెం అందుకున్నారు.

"గదేందమ్మా! ఇంట్ల ఇంత పెద్దమనిషిని పెట్టుకొని పిల్లను ఏడికో పంపుతవా? మంచిగుంది." అని, వెంటనే, "ఏడుపులు తర్వాత, ముందు గది నడిపియ్యి" అన్నారు.

పెన్‌డ్రైవ్ పట్టుకుని, "దీనికి కూడా ఉద్వాసన చెప్పండి" అన్నాను.

"దానికి చెప్పను" అన్నారు అత్తయ్య. "తీసి నీ పక్కన బల్ల మీద పెట్టుకో."

పెట్టుకున్నాను. కంప్యూటర్ లేచింది. దాని మామూలు బద్ధకంతో, ఏమీ ఎరగనట్టు లేచింది. వెబ్‌క్యామ్ తగిలించి చూశాను, బాగానే ఉంది. హెడ్‌సెట్ తగిలించాను, అదీ బాగానే ఉంది. ప్రింటరును ఎవరూ అడగలేదు. అత్తయ్యనూ ఓనరాంటీనీ బయటికి పంపి తలుపేసుకునేసరికి సరిగ్గా సమయమైంది.

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. ఇచ్చిన ప్రోగ్రాములో తప్పులు పట్టాను. తప్పు ఎలా వెతుకుతారని అడిగితే, ఒకసారికి ఒక్కటే తీసి చూస్తానని, అన్నీ తీశాక కూడా తప్పు పోకపోతే ఇంట్లోవాళ్లను అడుగుతానని చెప్పాను. వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. చివర్లో వాళ్లలో పెద్దాయన, మా టైముకు తగ్గట్టు సాయంత్రం షిఫ్టు చేయాల్సి వస్తే మీకు ఇంట్లో ఇబ్బందా అని అడిగాడు. ఇదే ప్రశ్న దగ్గర పోయినసారి నా గొంతు వణికింది.

బల్ల మీది కుంకుమ బొట్టు వంక చూశాను. "మా అత్తగారున్నారు. ఏ షిఫ్టయినా చేస్తాను" అని ఇంగ్లీషులో, కాస్త గట్టిగానే చెప్పాను.

తలుపు అవతల ఎవరూ లేరనుకున్నాను. అత్తయ్యకు ఇంగ్లీషు పెద్దగా రాదు గానీ మదరిన్‌లా అన్నదీ షిఫ్టు అన్నదీ ఆవిడకు బాగా తెలిసిన మాటలు.

"రాత్రి పదైనా పర్లేదని చెప్పవే!" అని తలుపు అవతల నుంచి ఒక్క కేక వేశారు.

మైకు ఆన్‌లోనే ఉంది. తెర మీద ఇంటర్వ్యూ చేస్తున్న ఇద్దరూ ఉలిక్కిపడి, ఎవరది, ఏమంటున్నారని అడిగారు. ఉన్నదున్నట్టు అనువదించి చెప్పాను. పెద్దాయన తల వంచి ఏదో రాసుకున్నాడు.

ఉద్యోగం ఇచ్చారు. సాయంత్రం షిఫ్టే ఇచ్చారు, పది దాకా.