వాలు మీది గరిక

సూలూరు పక్కన వెంగటపతి నాయుడి చేను చూసి ఊరంతా నవ్వేది. ఏ రైతయినా వేరుతో సహా పెరికి పారేసే గరికను ఆయన బావి పైనున్న వాలులో తన చేత్తో నాటి పెంచేవాడు. ఒకప్పుడు ఆయన కూడా ఆ వాలును గడ్డిపోచ లేకుండా చెక్కి ఉంచినవాడే. ఒక ఏడు ఐప్పసి నెల వానకు పైమట్టి అంతా బావిలోకి దిగిపోయి ఒట్టి రాయి తేలింది. అప్పటినుంచి, మట్టి నిలవాలని నాటిన ఆ గరికలో మేక దూరితే నాయుడి దెబ్బకు దాని కాలు విరిగేది, మనిషి దూరితే తల పగిలేది. సాయంత్రాలు మాత్రం ఆ మొద్దు చేతులే గరిక కిందికి మెత్తగా దూరి, పొడిపొడిగా రాలే మట్టిని తీసి వాసన చూసేవి.

మిల్లుకు సెలవని అక్క ఇంటికి వచ్చిన బావమరిది గోపాలసామి, మేలు చేద్దామని పొద్దున్నే సగం వాలు చెక్కేశాడు. "బావా, చేనంతా గడ్డీ పుల్లూ పట్టిపోయుండె. నేనే క్లీన్ చేసినా" అన్నాడు నవ్వుతూ. నాయుడు అతని చేతిలోని పార లాక్కుని, తిరగేసి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఇంటిదాకా వినిపించింది. పడ్డవాడిని దాటుకుని పోయి, మోకాళ్ల మీద కూర్చుని, పెరికిన గరికను ఏరి మళ్లీ నాటసాగాడు. భార్య జానకమ్మాళ్ తమ్ముడి కోసం చెంబుతో నీళ్లు తెస్తే, గుంజుకుని వేర్లకు పోసేశాడు.

"ఎముక అతుక్కుంటాది. మన్ను అతుక్కోదు" అన్నాడు.

ఆమె బావికి పోయి బిందె నింపుకుని, కొత్తగా నాటిన గరికను తొక్కుకుంటూ తమ్ముడి దగ్గరికి నడిచింది. నాయుడి చేతిలో పార పైకి లేచింది. ఆమె నడక ఆగలేదు. ఆయన పార దించి, ఆమె అడుగుల్లో నలిగిన గరికను మళ్లీ నాటడం మొదలుపెట్టాడు.